మణికట్టు నొప్పికి వర్టికల్ మౌస్ కొనాలా? ముందు టేబుల్ సంగతి చూడండి

మీరు అడిగింది ఇదీ: అనంతపురంలో ఒక ఆడిటర్ ఆఫీసులో ఉద్యోగం. పొద్దున పది నుంచి రాత్రి ఏడు దాకా ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్. మూడు నెలలుగా కుడి మణికట్టు నొప్పి, అదీ చిటికెన వేలి వైపు. నెలలో పదో తేదీ నుంచి ఇరవై దాకా ఎక్కువ, తర్వాత కాస్త తగ్గుతుంది. తిమ్మిరి లేదు. ఒక వర్టికల్ మౌస్ (అరచేయి బోర్లా పెట్టకుండా, గ్లాసు పట్టినట్టు పక్కకు తిప్పి పట్టుకునేది) వెయ్యి రూపాయల్లో వస్తోంది, ఇంకొకటి ఆరు వేల దాకా ఉంది, ఏది కొనమంటారు అన్నారు.

ఈ నెల రెండూ కొనొద్దు తమ్ముడూ. ముందు కీబోర్డు, కుర్చీ సరిచేసుకోండి. వీలైతే మౌస్‌ను ఎడమ చేతికి మార్చండి. ఆ తర్వాత కూడా కావాలనిపిస్తే ఏది కొనాలో కింద చెప్పాను. వర్టికల్ మౌస్ మీద నాకేమీ కోపం లేదు, పదేళ్లుగా నా చేతి కింద ఉన్నది అదే. కానీ అది కొన్న మొదటి రెండు నెలల్లో నా నొప్పి తగ్గలేదు, ఒక చోటు నుంచి ఇంకో చోటికి మారింది, అంతే. ఆ కథ కొంచెం చెప్తేగానీ మిగతాది అర్థం కాదు.

నాది కర్నూలు, వన్‌టౌన్‌లో డీటీపీ షాపు. 1999లో పేజ్‌మేకర్, అను ఫాంట్లతో మొదలుపెట్టాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఆ తర్వాత ఫ్లెక్సీ డిజైన్లు. అప్పట్లో మౌస్ కింద రబ్బరు బంతి ఉండేది. బంతి బయటికి తీసి, లోపలి రోలర్లకు చుట్టుకున్న మట్టీ నూలూ గోటితో గీకేవాళ్లం. మన ఊళ్ల దుమ్ముకు ఆ పని వారంలో రెండుసార్లయినా పడేది. అదే చేతికి దొరికే విరామం అని అప్పుడు తెలీదు. ఆప్టికల్ మౌస్ వచ్చాక ఆ ఐదు నిమిషాలు కూడా పోయాయి.

2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ కలిసి మా వీధిలోకి వచ్చినప్పుడు షాపులో కంప్యూటర్లు, చెక్క టేబుళ్లు అన్నీ పోయాయి. నీళ్లు తీశాక నిలబడి ఉన్నది ఒక్కటే, గిరాకీ నిలబడి మాట్లాడే కౌంటరు, దాని మీద కడప బండ. డబ్బు లేదు, అప్పు చేసి ఒక సిస్టమ్ కొన్నాను, ఆ బండ మీదే పెట్టాను. మూడడుగుల ఎత్తు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే నా భుజం చెవుల దాకా లేచేది. పైగా బండ అంచు. కోసి వదిలేసిన కడప బండ అంచు ఎలా ఉంటుందో మన జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. రోజంతా ఆ అంచు మీదే నా మణికట్టు. ఇంకో టేబుల్ కొందాం, కొందాం అనుకుంటూనే ఐదేళ్లు గడిచిపోయాయి.

2014 వేసవిలో మునిసిపల్, జడ్పీటీసీ, అసెంబ్లీ ఎన్నికలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. రోజుకు పదహారు గంటలు ఫ్లెక్సీలే. కోరల్‌డ్రాలో ఒక నాయకుడి ఫోటో చుట్టూ కత్తిరించాలంటే బటన్ నొక్కిపట్టి, పాయింట్ పాయింట్‌గా లాగుతూ పోవాలి. ఒక ఫ్లెక్సీలో ముప్ఫై తలకాయలు. నొక్కి వదిలేస్తే వేలికి ఒక క్షణం ఊపిరి ఆడుతుంది. నొక్కిపట్టి లాగుతున్నప్పుడు మాత్రం ముంజేయి మొత్తం బిగుసుకునే ఉంటుంది. చేతిని పాడుచేసేది ఈ లాగుడేనని నా అనుభవం. ఎక్సెల్‌లో వెయ్యి వరుసలు మౌస్‌తో లాగి సెలెక్ట్ చేసే అలవాటు మీకుంటే అదీ ఇదే కోవ.

ఫలితాలు వచ్చిన వారానికి నాకు రాత్రి రెండింటికి మెలకువ రావడం మొదలైంది. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు మొద్దుబారి ఉండేవి. చెయ్యి విదిలిస్తే తగ్గేది. మా అమ్మ ఆముదం రాసి కాపడం పెట్టింది, తగ్గకపోతే పుత్తూరు పోయి కట్టు కట్టించుకో అంది. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకు. నాకు ఎముక విరగలేదు. చివరికి ఆర్థో డాక్టర్ దగ్గరికి వెళ్తే నరంలో కరెంటు ఎంత వేగంగా పోతుందో చూసే పరీక్ష చేయించారు. తొలిదశ కార్పల్ టన్నెల్, అంటే మణికట్టులో నరం నలిగే జబ్బు, అన్నారు. రాత్రిపూట మణికట్టు నిటారుగా ఉంచే పట్టీ వేసుకోమన్నారు. షుగర్, థైరాయిడ్ కూడా చూపించుకోమన్నారు. చూపిస్తే షుగర్ బయటపడింది. షుగర్ ఉన్నా, థైరాయిడ్ తక్కువగా ఉన్నా, గర్భంతో ఉన్నా ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువట. చేతికి మౌస్ మాత్రమే కారణం అనుకుని కూర్చుంటే నా షుగర్ ఇంకెన్నాళ్లకు తెలిసేదో!

మీది కార్పల్ టన్నెల్‌లా అనిపించడం లేదు. ఎందుకంటారా? మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు గిన్నెలా అమరి ఉంటాయి, వాటి పైన అడ్డంగా ఒక గట్టి పట్టీ. ఆ సందులోంచి వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు, వాటితోపాటు మీడియన్ అనే నరం వెళ్తాయి. తాళ్ల పొరలు వాస్తే సందు ఇరుకై నరం నలుగుతుంది. ఆ నరం స్పర్శ ఇచ్చేది బొటనవేలు, చూపుడు, నడిమి వేలు, ఉంగరం వేలిలో సగం వరకే. చిటికెన వేలిది వేరే నరం, అది మోచేతి వెనక ఎముక పక్క నుంచి వస్తుంది. మోచెయ్యి గోడకు తగిలితే కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటుందే, అదే. కాబట్టి ఏ వేలు, ఎప్పుడు, నొప్పా తిమ్మిరా అన్నది ముందు కాగితం మీద రాసుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆయన అడిగేది ఇదే.

మీకు నొప్పి చిటికెన వేలి వైపు, తిమ్మిరి లేదు, పదకొండో తేదీ జీఎస్టీఆర్ ఒకటి, ఇరవయ్యో తేదీ మూడు-బి రిటర్నుల గడువులప్పుడు ఎక్కువ. పని పెరిగితే పెరుగుతోంది, తగ్గితే తగ్గుతోంది. ఇలాంటప్పుడు సాధారణంగా అటువైపు టెండన్లు అలిసిపోయి ఉంటాయి. డాక్టర్‌ని కాను, అక్కౌంట్స్ పని చేసే మా బావమరిదికి కూడా అచ్చం ఇలాగే వచ్చింది కాబట్టి అతని చెయ్యి రెండు రోజులు పక్కన కూర్చుని గమనించాను. కనిపించింది ఏమిటంటే, అతను మౌస్‌ను మణికట్టు టేబుల్‌కి ఆనించి, అక్కడి నుంచే కుడి పక్కకూ ఎడమ పక్కకూ ఊపుతున్నాడు. గోడకు కొట్టిన మేకు చుట్టూ తిరిగినట్టు. కుడికి ఊపిన ప్రతిసారీ చెయ్యి చిటికెన వేలి వైపు వంగుతుంది. ఇక నంబర్ ప్యాడ్ మీద అంకెలు కొట్టి, ఎంటర్ మాత్రం చిటికెన వేలితో చెయ్యి పక్కకు విసిరి కొడతాడు. రోజుకు కొన్ని వేల ఎంటర్లు. మౌస్ ఎంత మంచిది కొన్నా ఆ ఎంటర్ ఆగదు కదా.

మీరూ ఒకసారి చూసుకోండి. మీ ఫోన్‌ను పక్కన నిలబెట్టి పదిహేను నిమిషాలు మీ చేతిని వీడియో తీసుకోండి, గడువు దగ్గరపడిన రోజున తీస్తే ఇంకా మంచిది. మనం ఎలా చేస్తున్నామో మనకు తెలుసనుకుంటాం, వీడియో చూస్తే సిగ్గేస్తుంది.

ఇప్పుడు వర్టికల్ మౌస్ చేసే పని ఏమిటో చెప్తాను. ఎడమ చేతి వేళ్లను కుడి ముంజేతి మీద, మోచేతికి కాస్త కింద పెట్టండి. కుడి అరచేతిని టేబుల్ మీద పూర్తిగా బోర్లా పెట్టి చూడండి, తర్వాత నీళ్ల గ్లాసు పట్టుకున్నట్టు పక్కకు తిప్పి చూడండి. బోర్లా ఉన్నప్పుడు కండరం బిగిసి ఉంటుంది, పక్కకు తిప్పగానే వదులవుతుంది. ముంజేతిలో రెండు ఎముకలు ఉంటాయి. గ్లాసు పట్టినప్పుడు అవి పక్కపక్కన ఉంటాయి, అరచేయి బోర్లిస్తే ఒకటి రెండోదాని మీదికి అడ్డంగా వస్తుంది. 1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం చెక్క డబ్బాతో చేసిన మొట్టమొదటి మౌస్ మీదా చెయ్యి బోర్లానే పెట్టాలి, మీ టేబుల్ మీద ఉన్నదాని మీదా అంతే. వర్టికల్ మౌస్ ఆ మెలికను కొంత విప్పుతుంది. మణికట్టు పైకి ఎత్తిపట్టడం, పక్కకు వంగడం కూడా తగ్గుతాయి. దాని లాభం ఇదే, ఇంతే.

కార్పల్ టన్నెల్ ఉన్నవాళ్ల మీద 2015లో వచ్చిన ఒక పరిశోధనలో వర్టికల్ మౌస్ వల్ల మణికట్టు వంపు మారింది గానీ ఆ సందు లోపలి ఒత్తిడి మాత్రం తగ్గలేదని తేలింది. చేతి కింద పెట్టుకునే జెల్ ప్యాడ్ సంగతీ అంతే. అందుకే ‘కార్పల్ టన్నెల్ నయం చేస్తుంది’ అని డబ్బా మీద రాసి ఉంటే ఆ అమ్మేవాడిని నమ్మొద్దు. ముంజేయి బిగుసుకుపోవడం, సాయంత్రానికి లాగడం లాంటివి తగ్గుతాయి, అది నా చేతికే తెలుసు.

నేను కొన్న మొదటి వర్టికల్ మౌస్ చవకది, ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి తెప్పించా. వచ్చింది చూస్తే పావు కిలో వంకాయంత ఉంది. నా చెయ్యి చిన్నది. వేళ్లు బటన్ల దాకా చాచాలి, బొటనవేలితో అటు పక్క నుంచి గట్టిగా అదిమిపట్టాలి. ఈ అదమడం గురించి ఎవరూ చెప్పరు. మామూలు మౌస్‌లో బటన్‌ను కిందికి నొక్కుతాం, కింద టేబుల్ ఆపుతుంది. నిలువు మౌస్‌లో పక్కకు నొక్కుతాం, ఆపేది మన బొటనవేలే. బటన్ గట్టిగా ఉన్నా, మౌస్ తేలిగ్గా ఉన్నా నొక్కిన ప్రతిసారీ మౌస్ పక్కకు కదలబోతుంది, మనం తెలీకుండానే బొటనవేలితో అడ్డం పెడతాం. రెండు నెలలకు నా బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర కొత్త నొప్పి. దానికీ ఒక పేరుంది, డి క్వెర్వెన్. చంటిపిల్లల్ని రోజంతా ఎత్తుకునే తల్లులకు ఎక్కువగా వస్తుందని డాక్టర్ చెప్తే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మూడు వేళ్ల తిమ్మిరి తగ్గించుకోబోయి బొటనవేలు పోగొట్టుకున్నట్టయింది.

కాబట్టి కొలత ముఖ్యం. స్కేలు తీసుకుని మణికట్టు ముడత నుంచి నడిమి వేలి కొస దాకా కొలవండి. పంతొమ్మిది సెంటీమీటర్ల లోపు అయితే చిన్న సైజువే చూడండి. లాజిటెక్ వాళ్లది లిఫ్ట్ అని 2022లో వచ్చింది, చిన్న, మధ్యరకం చేతులకు చేసినది. దానికి ముందు 2018లో వచ్చిన ఎంఎక్స్ వర్టికల్ పెద్ద చేతులకు నప్పుతుంది. రెండూ 57 డిగ్రీల వాలు. పూర్తి నిలువుగా కాకుండా ఇలా కాస్త వాలుగా ఉన్నవాటితో మొదలుపెట్టడం తేలిక, చిన్న గళ్ల మీద గురి కూడా తప్పదు. మీరు చెప్పిన వెయ్యి రూపాయల రకాలూ మరీ తీసిపారేసేవి కావు. అవి నచ్చుతాయో లేదో చూసుకోవడానికి వెయ్యి పెట్టడం నాకు తప్పనిపించదు, ఏడాదికి బటన్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడటం మొదలెట్టినా సరే. వాపసు తీసుకునే గడువు ఉన్న చోట మాత్రమే కొనండి, డబ్బా చించకండి. కర్నూల్లో గానీ అనంతపురంలో గానీ షాపులో చేత్తో పట్టి చూడ్డానికి ఇవి దొరకడం అరుదు. బెంగళూరు పోయే పని ఉంటే అక్కడ పెద్ద షాపులో పట్టుకుని చూసి రండి.

మీ నొప్పికి ఇంకొక మెలిక ఉంది. వర్టికల్ మౌస్ పట్టినప్పుడు టేబుల్‌కి ఆనేది మీ చేతి చిటికెన వేలి అంచే. కొన్నింటికి కింద చిన్న పళ్లెంలా అంచు ఉంటుంది, చిటికెన వేలు దాని మీద కూర్చుంటుంది. ఎవాల్యుయెంట్ వాళ్ల మౌస్‌కు అలాంటిది ఉంటుంది, ఖరీదు ఎక్కువ. అంచు లేనివాటిలో ఆ వేలు రోజంతా టేబుల్ మీద ఈడ్చుకుంటూ పోతుంది. అసలే అటువైపు నొప్పి ఉన్న మీకు అది పుండు మీద కారమే. అందుకే ఈ నెల కొనొద్దు అన్నది.

ట్రాక్‌బాల్ గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు. చెయ్యి కదలదు, బంతి తిరుగుతుంది, మణికట్టుకు నిజంగానే హాయి. బొటనవేలితో తిప్పేది మాత్రం నాలాంటి బొటనవేలు ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. మధ్యలో పెద్ద బంతి ఉండి వేళ్లతో తిప్పేవి మేలు. ఎక్సెల్‌కు బాగానే పనికొస్తాయి, ఫోటో కత్తిరించే పనికి నాకు విసుగు పుట్టించింది. దానికి నేను పెన్ టాబ్లెట్ వాడతాను, అది మీకు అక్కర్లేదు.

ఇక టేబుల్. మన దగ్గర టేబుల్ ఎత్తు మామూలుగా ముప్ఫై అంగుళాలు, ప్లాస్టిక్ కుర్చీ పదహారు, పదిహేడు. ఆ తేడా ఐదున్నర అడుగుల మనిషికి ఎక్కువే. భుజాలు వదులుగా వేలాడేసి, మోచేతిని మడిస్తే, మోచెయ్యి టేబుల్ ఎత్తుకు సమానంగా గానీ ఒక అంగుళం పైన గానీ ఉండాలి. కిందుంటే మణికట్టు పైకి వంచి మౌస్ పట్టుకుంటారు. ఆఫీసు టేబుల్ కోయలేరు కాబట్టి మీరే పైకి లేవాలి. ఎత్తు పెరిగే కుర్చీ ఉంటే సరే, లేదంటే మడిచిన బొంత వేసుకోండి. పాదాలు గాల్లో వేలాడితే తొడల కింద తిమ్మిరి మొదలవుతుంది, కింద ఒక పీట పెట్టుకోండి. మా షాపులో నా కాళ్ల కింద ఇప్పటికీ రెండు ఇటుకల మీద ఒక చెక్క. గిరాకీ చూసి నవ్వుతారు, నవ్వనీ.

టేబుల్ అంచు పదునుగా ఉంటే పాత తువ్వాలు నాలుగు మడతలు వేసి అతికించండి. జెల్ ఉన్న మౌస్ ప్యాడ్ కొంటే దాని మీద ఆనించాల్సింది అరచేతి అడుగు కండ, మణికట్టు ముడత కాదు. ఆనించేది కూడా చెయ్యి ఆగి ఉన్నప్పుడే. కదుపుతున్నప్పుడు ఆనిస్తే మళ్లీ ఆ మేకు చుట్టూ తిరుగుడే. పాలిష్ పట్టిన నల్ల బండ, అద్దం లాంటివాటి మీద మౌస్ గెంతుతుంది, మనం తెలీకుండా గట్టిగా పడతాం. ఒక గుడ్డ ప్యాడ్ వేస్తే సరిపోతుంది.

ఇంటికెళ్లాక మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని ఇంకో రెండు గంటలు చేస్తానని కూడా రాశారు. నాకు అన్నిటికంటే భయం వేసింది అక్కడే. పగలు ఆఫీసులో ఎంత సరిచేసుకున్నా రాత్రి ఆ రెండు గంటలు తుడిచిపెట్టేస్తాయి. డైనింగ్ టేబుల్ ఉంటే అక్కడ కూర్చోండి, లాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి, విడిగా కీబోర్డు, మౌస్ తగిలించండి.

కీబోర్డు మార్చమని ఎందుకన్నానో ఇప్పుడు. మామూలు పెద్ద కీబోర్డులో కుడి చివర నంబర్ ప్యాడ్ ఉంటుంది. అది నాలుగు వేళ్ల వెడల్పు కంటే ఎక్కువే చోటు తింటుంది. దాని అవతల మౌస్. అంటే రోజంతా కుడి చెయ్యి శరీరానికి దూరంగా, భుజం నుంచి చాచి ఉంటుంది. నంబర్ ప్యాడ్ లేని పొట్టి కీబోర్డు పెట్టిన మూడో రోజే నా భుజం, మెడ తేడా చెప్పాయి. నా నొప్పి తగ్గడంలో సగం ఘనత ఆ కీబోర్డుకే ఇస్తాను, మిగతా సగంలో రాత్రి పట్టీ, వర్టికల్ మౌస్ పంచుకుంటాయి. ఇక్కడ మీరు ‘అన్నా, నాకు నంబర్ ప్యాడ్ లేకుండా ఎలా’ అంటారని తెలుసు. యూఎస్‌బీకి తగిలించే విడి నంబర్ ప్యాడ్ దొరుకుతుంది, దాన్ని ఎక్కడైనా పెట్టుకోవచ్చు. లేదా కీబోర్డు అలాగే ఉంచి మౌస్‌ను ఎడమ వైపుకు మార్చండి.

ఎడమ చేతి మౌస్ అనగానే అందరూ మొహం అదోలా పెడతారు. అంకెల పని చేసేవాళ్లకు ఇంతకు మించిన ఏర్పాటు లేదు: కుడి చెయ్యి అంకెల మీద, ఎడమ చెయ్యి మౌస్ మీద, ఏ చెయ్యీ ఎక్కడికీ పరిగెత్తక్కర్లేదు. కొత్త ఖర్చూ లేదు, రెండు వైపులా ఒకేలా ఉండే మామూలు మౌస్ చాలు. విండోస్ సెట్టింగ్స్‌లో మౌస్ దగ్గర ప్రైమరీ బటన్‌ను కుడిగా మార్చితే చూపుడు వేలితోనే క్లిక్ చేయొచ్చు. మొదటి మూడు రోజులు నత్తనడకే, ఆఫీసులో నవ్వులు. పదో రోజుకు సర్దుకుంటుంది. ఇరవై ఒకటో తేదీన మొదలుపెట్టండి, గడువు వారంలో మాత్రం వద్దు. మా బావమరిదికి వర్టికల్ మౌస్ అసలు కొనాల్సిన పనే పడలేదు. ఎంటర్‌ను చిటికెన వేలితో కాకుండా చెయ్యి మొత్తం కదిపి ఉంగరం వేలితో కొట్టడం నేర్చుకున్నాడు, నేర్చుకోవడానికి నెల పట్టింది.

మౌస్ వాడకమే తగ్గించే దారులూ ఉన్నాయి. టాలీలో ఎలాగూ కీబోర్డుతోనే బండి నడుస్తుంది. ఎక్సెల్‌లో కంట్రోల్, షిఫ్ట్, కింది బాణం కలిపి కొడితే ఖాళీ గడి వచ్చేదాకా వరుసలన్నీ సెలెక్ట్ అవుతాయి, లాగక్కర్లేదు. ఫిల్టర్‌కు కంట్రోల్, షిఫ్ట్, ఎల్. గడిలో దిద్దడానికి ఎఫ్ రెండు. పై గడిలోది కిందికి దించడానికి కంట్రోల్, డి. కూడికకు ఆల్ట్, ఈక్వల్. వారానికి రెండు చొప్పున నేర్చుకోండి, ఒక్కసారే కాగితం నిండా రాసుకుంటే ఒక్కటీ గుర్తుండదు. పోర్టల్‌లో మాత్రం క్లిక్కులు తప్పవు, అక్కడ ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు ట్యాబ్‌తో వెళ్లండి.

పాయింటర్ వేగం కొంచెం పెంచండి. తెర ఈ చివరి నుంచి ఆ చివరికి పోవడానికి మౌస్‌ను రెండుసార్లు ఎత్తి పెడుతున్నారంటే వేగం తక్కువ. చిన్న గడిని పట్టడానికి చెయ్యి వణుకుతుంటే ఎక్కువ. వర్టికల్ మౌస్‌కు మారినప్పుడు డీపీఐ బటన్ (పాయింటర్ వేగం మార్చేది) ఉంటే దాన్ని మధ్యలో పెట్టి, మోచేతి నుంచి కదపడం అలవాటు చేసుకోండి. మొదటి వారం మామూలు మౌస్ కూడా పక్కనే ఉంచండి, పూటకు గంట కొత్తది, మిగతా పాతది. ఒక్కసారే మారితే ఇంతకుముందు పనిచేయని కండరాలు నొప్పి పుడతాయి, మౌస్ పనికిరాదని పక్కన పడేస్తారు. చెయ్యి చాచి అందుకోబోయి దాన్ని కనీసం పదిసార్లు పడగొడతారు కూడా. అందరూ పడగొడతారు. ఇంకోటి, మన ఎండలకు, చెమటకు రబ్బరు పూత ఉన్న మౌస్‌లు రెండు మూడేళ్లకు జిగటగా తయారవుతాయి. గరుకు ప్లాస్టిక్ ఉన్నదే మేలు.

విరామం గురించి చెప్తే ఎవరూ వినరు, నేనూ వినేవాడిని కాదు. నేను చేసేది చెప్తాను: ఫైలు ప్రింటుకు పంపిన ప్రతిసారీ, మీకైతే పోర్టల్‌లో చక్రం తిరుగుతున్న ప్రతిసారీ, చెయ్యి మౌస్ మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకోండి. పోర్టల్ నెమ్మదిగా ఉందని తిట్టుకునే టైమంతా మీ చేతికి పనికొస్తుంది. చాలామంది ఎదురుచూస్తున్నంతసేపూ మౌస్‌ను గట్టిగా పట్టుకునే కూర్చుంటారు. సాగదీసే వ్యాయామాలు యూట్యూబ్ చూసి నొప్పి మీద బలవంతంగా చేయకండి. ఒకసారి ఫిజియోథెరపిస్ట్ దగ్గర చేయించుకుని, అవే ఇంట్లో చేయండి. అనంతపురం పెద్దాసుపత్రిలోనే చూపించుకోవచ్చు, దానికి బెంగళూరు పోనక్కర్లేదు.

ఇవన్నీ చేసినా మూడు వారాలకు తేడా లేకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. తిమ్మిరి మొదలైతే, చేతిలోంచి గ్లాసు జారిపోతుంటే, బొటనవేలి కింద కండ పలచబడినట్టు కనిపిస్తే, వాపు, ఎరుపు ఉంటే మూడు వారాలు కూడా ఆగొద్దు. బండి మీద నుంచి పడి చెయ్యి ఆనించిన తర్వాత మొదలైన నొప్పి అయితే అసలు మౌస్ ప్రసక్తే వద్దు, ముందు ఎక్స్‌రే. నొప్పి బిళ్లలు మింగుతూ గడువులు దాటించడం నేను 2014లో చేసిన పని. బిళ్ల నొప్పిని కప్పెట్టింది, నేను ఇంకా ఎక్కువ లాగాను.

మీరు కుర్చీలో కూర్చుని మౌస్ పట్టుకున్నప్పుడు పక్క నుంచి ఒక ఫోటో, పై నుంచి ఒక ఫోటో తీసి పెట్టండి, మొహం అక్కర్లేదు. కీబోర్డు వెడల్పు, టేబుల్ ఎత్తు, మీ చెయ్యి కొలత కూడా రాయండి. చూసి, మౌస్ కొనాల్సిన అవసరం నిజంగా ఉందో లేదో, ఉంటే వెయ్యిదా ఆరు వేలదా చెప్తాను.